ఇనుము నిలుస్తుంది, రబ్బరు చూసుకో

బిడ్డా, వచ్చే నెల నువ్వు షార్జా వస్తున్నావని అన్న ఫోన్‌లో చెప్పాడు. జగిత్యాలలో ట్రాక్టర్లు విప్పిన చేతులతోనే నేనూ ఇక్కడికి వచ్చాను. ఇండస్ట్రియల్ ఏరియా రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా విప్పి బిగించింది టయోటా జేజెడ్ ఇంజన్లనే. నువ్వు ఇక్కడికి వచ్చేలోపు నీకు అందాలని ఈ మాటలు రాస్తున్నాను.

1. పానా పట్టేముందు పేరు చదువు. 2జేజెడ్-జీటీఈ అని ఉందనుకో. జేజెడ్ అనేది ఇంటిపేరు, ముందున్న 2 ఆ ఇంట్లో రెండోది అని. జీ అంటే వేగానికి చేసిన రెండు క్యామ్‌షాఫ్టుల హెడ్, టీ అంటే టర్బో, ఈ అంటే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. 1990లో వచ్చిన 1జేజెడ్-జీటీఈ రెండున్నర లీటర్లది. దానికి రెండు చిన్న టర్బోలు పక్కపక్కన ఒకేసారి పనిచేస్తాయి. 1996 తర్వాత దానికే ఒక్క టర్బో పెట్టారు. రెండోది ఎవరో ఊడబీకారని కస్టమర్‌తో అనకు. మూడు లీటర్ల 2జేజెడ్-జీటీఈ 1991లో అరిస్టోలో, 1993లో సుప్రాలో వచ్చింది.

2. ఇంజన్ దిమ్మ పోత ఇనుము. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఒక పిస్టన్ విసురును ఇంకో పిస్టన్ సరిచేస్తుంది, వణుకు రాదు. క్రాంకును ఏడు బేరింగులు మోస్తాయి. పిస్టన్ల కిందికి నూనె చిమ్మే గొట్టాలుంటాయి. ఇదంతా చూసే కుర్రాళ్లు "ఎంత ప్రెషరైనా తట్టుకుంటది ఉస్తాద్" అంటారు. తట్టుకునేది దిమ్మ. దానికి తగిలించినవన్నీ తట్టుకోవు.

3. ఇది నిదానంగా చదువు. 2జేజెడ్‌లో రెండు టర్బోలు వంతులవారీగా లేస్తాయి. తక్కువ ఆర్పీఎంలో వేడి పొగ మొత్తం మొదటిదానికే వెళ్తుంది. ఒక్కదాన్ని తిప్పడమే కాబట్టి అది తొందరగా అందుకుంటుంది. మూడున్నర వేలు దాటాక కొంచెం పొగ రెండోదానికి మళ్లి, దాన్ని ముందుగా తిరగనిస్తుంది. నాలుగు వేల దగ్గర దారిలోని తలుపులు పూర్తిగా తెరుచుకుని రెండూ కలుస్తాయి. ఆ తలుపులను తీసేదీ మూసేదీ గాలి ఒత్తిడే. ఆ ఒత్తిడిని మోసేవి వేలు మందం కూడా లేని రబ్బరు పైపులు.

నేను వచ్చిన రెండో ఏడాది ఒక సుప్రా వచ్చింది. నాలుగు వేలు దాటగానే బలం పడిపోతోంది. రెండో టర్బో పోయిందని తేల్చేశాను. జూలై ఎండలో, రేకుల కింద, మూడు రోజులు పడి రెండు టర్బోలూ దించాను. రెండూ శుభ్రంగా ఉన్నాయి. తిరిగి బిగిస్తుంటే వెనకపక్క ఒక పైపు చివర చీలిక కనిపించింది. పైపు ధర చాయ్ ఖర్చుకు కూడా రాదు. ఆ కారు యజమాని టాక్సీ తోలుకుంటూ పైసా పైసా కూడబెట్టి దాన్ని కొన్నాడు. మూడు రోజుల కూలీ అతని దగ్గర తీసుకోలేకపోయాను, నా జీతంలోంచి కట్టాను. ఆ రాత్రే గదిలో కూర్చుని ఆ ఇంజన్ పైపులన్నీ ఒక అట్ట మీద గీశాను.

కొందరు ఈ తలుపులను తీగతో కట్టేసి, రెండు టర్బోలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా చేస్తారు. పని సులువవుతుంది, కానీ కింది ఆర్పీఎంలో బండి మొద్దుబారుతుంది. నువ్వు కట్టకు. చేసినవాళ్లు అంత తెలివిగా చేసినదాన్ని చేతకాక మూసేయడం నాకు నచ్చదు.

4. ముందున్న క్రాంకు పుల్లీని నమ్మకు. లోపలి బొడ్డుకూ బయటి చక్రానికీ మధ్య రబ్బరు ఉంటుంది. ఇక్కడి ఎండకు అది పాతబడి చక్రం జారుతుంది. టైమింగ్ గుర్తులేమో ఆ బయటి చక్రం మీదే ఉన్నాయి. గుర్తు చూసి సరిచేశావంటే అబద్ధాన్ని పట్టుకుని సరిచేసినట్టే. మొదటి సిలిండర్ ప్లగ్గు తీసి, మెత్తటి కడ్డీ దించి, పిస్టన్ నిజంగా పైకి వచ్చిందో లేదో చూడు. బొడ్డు నుంచి చక్రం దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గియ్యి. మళ్లీ బండి వచ్చినప్పుడు గీత విరిగి ఉంటే పుల్లీ మార్చు. విప్పినప్పుడే దాని వెనకున్న నూనె సీలునూ చూడు, అది బయటికి నెట్టుకొస్తుంటుంది.

5. మన దగ్గరికి జపాన్ నుంచి హాఫ్ కట్లు, అంటే సగానికి కోసిన పాత బండ్లు, వస్తాయి. అక్కడ అమ్మిన 2జేజెడ్ టర్బోల్లో పొగ తగిలే చక్రం సిరామిక్. తేలిక కాబట్టి చురుగ్గా లేస్తుంది. ఒత్తిడి పెంచితే పగిలి ముక్కలవుతుంది. బయటి దేశాలకు పంపినవాటిలో అది లోహం. జపాన్‌లో కంపెనీల మధ్య మాట ప్రకారం కాగితం మీద 280 పీఎస్ దాటలేదు, ఎగుమతి సుప్రా 320 హార్స్‌పవర్ అన్నారు. ఆ తేడా చూసి, స్క్రూ తిప్పితే అదీ ఇదీ ఒకటే అవుతుందని ఎవడైనా అంటే ముందు చక్రం ఏదో అడుగు.

6. పాత లెక్సస్ ఐఎస్ 300లో ఉన్నది టర్బో లేని 2జేజెడ్-జీఈ. దాని కంప్రెషన్ 10.5, టర్బోదానిది 8.5. పిస్టన్ల కింద నూనె గొట్టాలూ లేవు. ఊరికే టర్బో తగిలించమంటే వద్దని చెప్పు. పోయిన కస్టమర్ పోనీ.

7. గట్టిగా తోలి వచ్చిన బండిని వెంటనే ఆపనివ్వకు. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు, లేకపోతే టర్బో ఇరుసు దగ్గర నూనె మాడి గట్టిపడుతుంది.

షెడ్డులో కుడివైపు గోడకు నా అట్ట ఇంకా వేలాడుతోంది. నూనె మరకలు పడ్డాయి గానీ గీతలు తెలుస్తాయి. ఎర్ర పెన్సిల్‌తో గీసినదే ఆ చీలిన పైపు.