బోనెక్కే ముందు బుజ్జికి నాలుగు మాటలు

అర్ధవీడు,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి, మీ మేనత్త దీవించి రాసేది. ఇక్కడ అంతా క్షేమం. నీ క్షేమం నువ్వు రాయవు, రంగు డబ్బాల పక్కన నిలబడి ఫోటోలు మాత్రం పెడతావు. వాటిలో బుగ్గలు పీక్కుపోయి ఉన్నావు. వేళకు తింటున్నావా?

సంగతేంటంటే, శుక్రవారం కానిస్టేబుల్ వచ్చి, మార్కాపురంలో నువ్వు చూసిన ఆ ట్రాక్టర్ ప్రమాదం కేసులో నీ పేరున సాక్షి సమన్లు ఇచ్చిపోయాడు. నువ్వు ఒంగోలులో పని మీద ఉన్నావంటే, "ఇంట్లో పెద్దవాళ్లు మీరున్నారుగా, సంతకం పెట్టండి" అన్నాడు. పాత చట్టంలో ఇంట్లో మగవాళ్ల చేతికే ఇవ్వాలట. 2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక ఆడవాళ్లు తీసుకున్నా చెల్లుతుందట. ఇన్నేళ్లకు నా సంతకానికీ విలువొచ్చింది, సంతోషం. కానీ ఆ కాగితం ఫోటో పంపితే నువ్వు పెట్టిన జవాబేంటి? "చించి పొయ్యిలో పెట్టత్తా, నా కూలి ఎవడిస్తాడు?" నోరు మంచిది కాదురా నీది. తిట్టడం లేదులే. లప్పం బస్తాలు అప్పు మీద తెచ్చి పని చేస్తున్నావనీ, ఇంటి యజమాని ఇంకా డబ్బు ఇవ్వలేదనీ నాకు తెలుసు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా.

ముందు నా తప్పు విను. 2006లో నీకు ఏడేళ్లు. మన కుట్టు అంగడి ముందు గొడవ జరిగి, వీధి చివరి బేల్దారి మేస్త్రి చెయ్యి విరగ్గొట్టారు. కొట్టిందెవరో మిషను దగ్గర కూర్చుని కళ్లారా చూశాను. సమన్లు వచ్చేసరికి ఉగాది దగ్గరపడింది. జాకెట్లు గుట్టగా పడున్నాయి, మీ మామ మంచాన ఉన్నాడు. ఒకసారి పోకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. కొన్నాళ్లకు వారెంటు వచ్చింది. బేరాలున్న వేళ కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడ్డాడు. నువ్వు మిషను కింద గుండీలు ఏరుకుంటున్నావు. "అత్తా, నిన్ను పట్టుకుపోతారా?" అని ఏడ్చావు. కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరాడవాళ్లు గుడ్డలు మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత పోయాను. ఏ ఊరి కోర్టో ఇప్పుడెందుకులే. వేపచెట్టు కింద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడితే వాయిదా అన్నారు. రెండోసారీ అంతే. మూడోసారికి బస్సు ఛార్జీలు కూడా లేక నూటికి ఐదు వడ్డీకి తెచ్చాను. ఆ రోజు బోనెక్కి, ఇంకోసారి రాకుండా ఉంటే చాలనుకుని, "గుంపులో సరిగ్గా చూడలేదండీ" అనేశాను. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ నా చేతిలో రూపాయి పెట్టలేదు. ఒక్కరోజు కూలికి భయపడి ఆడిన అబద్ధం అది. కేసు కొట్టేశారు. ఆ మేస్త్రి మళ్లీ తాపీ పట్టలేదు. ఇప్పటికీ మన వీధిలో పోతూ "బాగున్నావా అమ్మా" అని పలకరిస్తాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంటాను.

ఈ తిప్పలు మనకే అనుకోకు. డల్లాస్‌లో టిఫిన్ బండి నడిపే మీ పెద్దమ్మ కొడుక్కి జ్యూరీ నోటీసు వచ్చిందట. అక్కడ మొదటి రోజుకు 20 డాలర్లు, తర్వాత రోజుకు 58 ఇస్తారట. బండి మూస్తే పోయే బేరంలో అదెంత? మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి కేసులో తొమ్మిది మందిలో ఎనిమిది మంది నిర్దోషి అంటే, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. 1973 నాటి చట్టంతో క్రిమినల్ కేసుల్లో జ్యూరీ పూర్తిగా పోయింది. జ్యూరీ పోయింది గానీ, మనలాంటి వాళ్లు కోర్టుకు ఇవ్వాల్సిన రోజు పోలేదు. అది సాక్షి రూపంలో మిగిలింది.

సరే, ఇప్పుడు చేయాల్సింది విను. సమన్ల మీద కేసు నంబరు ఉంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూడు, వాయిదా తారీఖు కనిపిస్తుంది. అందులోనే అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, రాసిపెట్టుకో. ముందు రోజు స్టేషన్‌కు ఫోన్ చేసి, కోర్టు పని చూసే కానిస్టేబుల్‌ను అడుగు: జడ్జి గారు సెలవులో ఉన్నారా, వకీళ్లు విధులకు వస్తున్నారా అని. ఆ ఒక్క ఫోన్ చేయక నేను రెండు రోజుల కుట్టుపని పోగొట్టుకున్నాను.

ఇంటి యజమానికి ఇవాళే చెప్పు. చివరి నిమిషంలో చెబితే ఎగ్గొట్టాడంటారు, ముందే చెబితే మర్యాదస్తుడంటారు. ఆ రోజుకు ప్రైమర్ కొట్టే పని నీ జతగాడికి అప్పజెప్పు. ఇవాళ్టి నుంచి రోజుకు యాభయ్యో వందో తీసి పక్కన పెట్టు. సిగరెట్లు మానితే అదే వస్తుంది. నాకు తెలియదనుకున్నావా?

బత్తా అడుగు. సిగ్గుపడకు, నేను సిగ్గుపడే చెడ్డాను. క్రిమినల్ కేసులో సాక్షి ఖర్చులు ప్రభుత్వం ఇచ్చేలా కోర్టు ఉత్తర్వు వేయొచ్చు. కొత్త చట్టంలో అది 350వ సెక్షన్. తప్పకుండా వస్తుందని కాదు, అడగందే అసలు రాదు. బస్సు టికెట్లు జేబులో నలిపి పారేయకు. రేపెప్పుడైనా సివిల్ దావాలో పిలిస్తే ఇంకో పద్ధతి: పిలిపించినవాళ్లే నీ ఖర్చులు ముందు కోర్టులో కట్టాలి.

వాయిదా వేస్తామంటే గొడవ పడకు. ప్రభుత్వ వకీలు ఏపీపీ గారి దగ్గరికి పోయి, "అయ్యా, రోజు కూలివాణ్ణి, ఒంగోలు నుంచి వచ్చాను, ఈ రోజే నా సాక్ష్యం తీసుకోమని చెప్పండి" అని చేతులు కట్టుకునే అడుగు. వచ్చిన సాక్షిని విచారించకుండా ఊరికే తిప్పి పంపకూడదని, పంపితే ప్రత్యేక కారణం రాయాలని అదే కొత్త చట్టం 346వ సెక్షన్ చెబుతోంది. సాక్షుల అగచాట్ల గురించి 2000లో సుప్రీంకోర్టే స్వరణ్ సింగ్ కేసులో బాధపడింది. కాబట్టి నువ్వడిగేది ముష్టి కాదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. ట్రాక్టర్ వాళ్ల వైపు నుంచి గానీ, దెబ్బ తగిలిన ముసలాయన వైపు నుంచి గానీ టీ కూడా తాగకు. బస్సు ఛార్జీ ఇస్తామన్నా వద్దను. డబ్బు చాలకపోతే నన్నడుగు, ఇంకెవరినీ అడగకు. బోనులో చూసింది చూసినట్టు చెప్పు, తెలియనిది తెలియదను. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పక్క ఇంటికి నిచ్చెనెక్కి లప్పం పెడుతూ, ట్రాక్టర్ ఆ మేకల ముసలాయన కాళ్ల మీదుగా పోవడం చూసింది నువ్వొక్కడివే. మిగతావాళ్లు తర్వాత పరిగెత్తుకొచ్చారు. ఆయన తరఫున చెప్పడానికి నీ రెండు కళ్లు తప్ప ఇంకేం లేవు నాయనా.

ముందు రోజు రాత్రికే పొదిలి మీదుగా మార్కాపురం వచ్చెయ్. నేను పొద్దున్నే కంభం వచ్చి బస్సు మారి, కోర్టు దగ్గరికి వస్తాను. పులిహోర తెస్తా. నీతో పాటు నిలబడతా, లోపలికి మాత్రం నువ్వే పోవాలి.

సమన్లు మిషను సొరుగులో భద్రంగా ఉన్నాయి. తారీఖు వచ్చే నెల 18, బుధవారం, ఉదయం పదిన్నర.

ఇట్లు,
మీ అత్త