పేదవారి అర్పణ, పండుగ ఖర్చు

చదువవలసిన భాగములు: లూకా 2:1-24; లేవీయకాండము 12:6-8; నెహెమ్యా 8:9-12

మరియ యోసేపులు శిశువును యెరూషలేము దేవాలయమునకు తీసికొనిపోయినప్పుడు వారు అర్పించినది రెండు చిన్న పక్షులు మాత్రమే. ప్రసవించిన స్త్రీ గొఱ్ఱెపిల్లను, దానితో ఒక పక్షిని తేవలెనని ధర్మశాస్త్రము. గొఱ్ఱెపిల్లను తేజాలని స్త్రీకి మాత్రము రెండు పక్షులు చాలునని లేవీయకాండము 12:8 సెలవిచ్చుచున్నది. అనగా అది పేదవారి అర్పణ. లూకా దీనిని ఏ వ్యాఖ్యానమును లేక వ్రాసి ముందునకు సాగిపోయెను. ఆ దంపతులు గొఱ్ఱెపిల్ల కొరకు అప్పు చేసిరని గాని, పక్షులు తెచ్చినందుకు సిగ్గుపడిరని గాని ఎక్కడను వ్రాయబడలేదు.

ఈ భాగమును భిలాయిలోని తెలుగు గృహమందు డిసెంబరు మాసమున చదువుట మిక్కిలి ప్రయోజనకరము. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందము వలన ఈ ఉక్కు పట్టణము పుట్టెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. పనిని వెదకుచు ఆంధ్రదేశమునుండి వచ్చిన కుటుంబముల మనుమలు నేడు ఇక్కడ పెరుగుచున్నారు. సెక్టారు క్వార్టరులో నివసించు పర్మనెంటు ఉద్యోగియు, ఖుర్సీపారులోనో క్యాంపులోనో అద్దె గదిలో నుండు కాంట్రాక్టు కార్మికుడును ఒకే ఆరాధనలో ప్రక్కప్రక్కన కూర్చుందురు. వారి జీతములు వేరు, పండుగ మర్యాదలు మాత్రము ఒకటే. చిక్కు ఇక్కడనే యున్నది.

ఉద్యోగికి వచ్చు వార్షిక బోనసు సాధారణముగా దసరా రోజులలోనే చేతికి వచ్చును. క్రిస్మసు నాటికి అది మిగులుట అరుదు. కాంట్రాక్టు కార్మికునికి పని చేసిన దినములకే కూలి. ఇంటిల్లిపాదికి కొత్త బట్టలు, కేకు, ఇంటికి వచ్చిన ఆడపడుచునకు చీర, వారము తిరుగకముందే నూతన సంవత్సర ఆరాధన, ఆ వెనుక సంక్రాంతికి స్వగ్రామమునకు రైలు ఖర్చు. ఇవన్నియు మూడు వారములలో వచ్చి పడును. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో జరిగిన పండుగను ఆ యింటివారు మరుసటి వేసవి వరకు తీర్చుచుందురు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) శిష్యత్వమును గూర్చినదే యైనను, లెక్క చూచుకొనుట విశ్వాసికి తగని పని కాదని దానివలన తెలియుచున్నది. ఆగమన కాలపు మొదటి ఆదివారమున భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలతో కూడ కూర్చుండి, చేతిలోనున్న మొత్తమును కాగితముమీద వ్రాసికొని, ఖర్చును దానికి లోబరచుట మంచిది. పిల్లలకు లెక్క తెలిసినయెడల అలుక తగ్గును.

అన్నిటికంటె బరువైనది తిండి ఖర్చు కాదు, పోలిక. కేరల్ బృందము సంగతి చూడుడు. ముప్పదిమంది యౌవనస్థులు రాత్రివేళ పాటలు పాడుచు వచ్చెదరు. ఒక యింట కేకు, కాఫీ, కానుక కవరు సిద్ధముగా నుండును. తరువాతి యింట తల్లి అణా పైసలు లెక్కించుచు, వీరికి ఏమి పెట్టుదునా యని దిగులుపడును. పాట వినబడగానే దీపమార్పి నిద్ర నటించు గృహము ఏ సంఘములోనైనను ఉండవచ్చును. రక్షకుడు పుట్టెనను వార్తకు భయపడి తలుపు మూసికొనునట్లు చేసిన మర్యాద ఎవరిది? పెద్దలు ముందుగానే ఒక నిర్ణయము చేయవచ్చును: ఏ యింటను ఫలహారము పుచ్చుకొనరాదు, లేదా అందరి యింటను బెల్లపు టీ మాత్రమే. కానుకను మూసిన పెట్టెలో వేయించి, పేర్లును మొత్తములును చదువకుండుట మరియు మేలు. దీనివలన రాబడి తగ్గునని కొందరు అందురు. తగ్గనిండు.

స్థలము విషయమునను కలత కలదు. రెండు గదుల క్వార్టరునకు బంధువులు దిగుదురు. లూకా 2:7లో తెలుగు బైబిలు “సత్రము” అని చెప్పిన గ్రీకు మాట కటలూమ. అదే మాటను లూకా 22:11లో “విడిది గది” అని తెనిగించిరి. మంచి సమరయుని కథలోని పూటకూళ్ల యింటికి లూకా వేరు మాట వాడెను. కాబట్టి బేత్లెహేములో నిండిపోయినది బంధువుల యింటి విడిది గదియే కావచ్చునని పలువురు పండితుల తలంపు. అట్లయిన, ఇరుకు ఇంటిలో సర్దుకొనుట మొదటి క్రిస్మసునందే యున్నది. చాపలు పరచుకొనుటకు క్షమాపణ చెప్పనక్కరలేదు.

ఇక షిఫ్టులు. పండుగ వచ్చెనని బ్లాస్ట్ ఫర్నేసును ఆర్పరు. కోక్ ఓవెన్లు చల్లారినయెడల లోపలి ఇటుకలు పగులును. కనుక 24వ తేదీ రాత్రి కొందరు తండ్రులు పదింటికి పనికి వెళ్లి తెల్లవారి ఆరింటికి బయటికి వత్తురు. ఆయన లేడని ఇంట విచారించుచు, వచ్చినతోడనే నిద్రలేని వానిని బజారుకు పంపుట తగదు. దూత వార్త తెచ్చినది రాత్రి కాపలా పనిలోనున్న గొఱ్ఱెల కాపరులకే గదా. విందును సాయంకాలమునకు మార్చుకొనిన యెడల పండుగకు లోటు లేదు.

వంటయింటి సంగతి. తల్లి మూడు రాత్రులు మేలుకొని ఏడు రకముల పిండివంటలు చేసి, ఆరాధనలో కునుకుట ఎవరికి మహిమ? ఛత్తీస్‌గఢ్‌లో అప్పటికి కొత్త బియ్యము వచ్చును. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు కలిసి, ఒక పొయ్యిమీద అరిసెలు, మరియొక పొయ్యిమీద జంతికలు చేసికొని పంచుకొనినయెడల ఖర్చును శ్రమయు తగ్గును. నక్షత్రమును కొననక్కరలేదు, వెదురు బద్దలు, రంగు కాగితము, మైదా పిండి జిగురుతో పిల్లలే కట్టగలరు. అది కొంత వంకరగా వచ్చినను ఫరవాలేదు.

నెహెమ్యా దినములలో జనులు భుజించి పానము చేయుటయే గాక, తమకొరకు ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపిరి. ఆ వంతు ఖర్చు కాగితముమీద మొదటి వరుసలోనే యుండవలెను, చివర మిగిలినదానిలో కాదు. మూత వేసిన గిన్నెను పిల్లలచేత పంపుడు. గిన్నెను ఖాళీగా తిరిగి పంపకుండుట తెలుగు గృహముల వాడుక. ఆ యింటివారు దానిలో గుప్పెడు బియ్యము వేసి పంపినయెడల, వద్దనక పుచ్చుకొని, ఆనాటి అన్నములో కలిపి వండుడు.