నూనె పెరిగితే మంచిదేనా?

హైదరాబాదు పాతబస్తీ. లాల్‌దర్వాజా దగ్గర ఒక గల్లీ. అక్కడ ఒక ఇంటాయన పాత పెట్రోలు కారు నడుపుతాడు. పిల్లలను బడికి తీసుకుపోతాడు, తెస్తాడు. కారు అప్పు ఇంకా తీరలేదు.

ఇంటామె రాత్రి బడిలో చదువు నేర్చింది. కారు లెక్కలు నోటుపుస్తకంలో రాస్తుంది.

ఒకనాడు పొద్దున ఆయన ఇంజన్ ఆయిల్ చూశాడు. కారు సమంగా ఉన్న చోట ఉంది. ఇంజన్ ఆపి ఉంది. గేజు కడ్డీ తీసి గుడ్డతో తుడిచాడు. మళ్లీ పెట్టి తీశాడు. కడ్డీ మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిల్ వాటి నడుమ ఉండాలి. ఆ రోజు పై గీత దాటింది.

"ఆయిల్ మస్తుగ ఉంది. ఖర్చు తప్పింది" అన్నాడు.

ఆమె పుస్తకం తెరిచింది.

"పది దినాల కింద నడుమ ఉందని రాసిన. మనం పొయ్యలేదు. ఎట్ల పెరిగిందయ్యా?"

ఆమె కడ్డీ వాసన చూసింది. గుప్పున పెట్రోలు వాసన! వేళ్లతో రుద్దింది. నీళ్లలా పలచగా ఉంది.

"బండి తియ్యకు" అంది.

"ఇవాళ్టి బేరం పోతది గదా!"

"బేరం పోతే ఒక్క దినం. ఇంజన్ పోతే?"

ఆయన ఆగాడు. మెకానిక్ ఉస్తాద్‌ను పిలిచాడు.

"మంచిగ పట్టుకున్నరమ్మా! పెట్రోలు ఆయిల్‌లో కలుస్తున్నది" అన్నాడు ఉస్తాద్.

ఎందుకు కలుస్తుంది?

అంబాసిడర్, పాత మారుతి 800 వంటి కార్లలో పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. పంపులో పలచని రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగితే పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది. ప్లగ్గు సరిగా మండకపోయినా దిగుతుంది. చోక్ లాగి అలాగే వదిలేసినా దిగుతుంది. కొత్త కార్లలో పంపు పెట్రోలు ట్యాంకులో ఉంటుంది. వాటిలో ఇంజెక్టర్ కారినా ఇలా కావచ్చు.

దీనివల్ల నష్టం ఏమిటి?

పలచబడిన ఆయిల్‌కు జిడ్డు తగ్గుతుంది. ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఇంజన్ అరిగి పట్టేస్తుంది. నిప్పు భయమూ ఉంది.

ఆ కారులో పంపు పొర చిరిగింది. ఉస్తాద్ పంపు మార్చాడు. తర్వాత పాత ఆయిల్, ఫిల్టర్ తీసి కొత్తవి వేశాడు. ఒక్క ఆయిలే మారిస్తే లాభం లేదు. మళ్లీ పెట్రోలు కలుస్తుంది.

మరునాడు కారు బడికి బయలుదేరింది. ఆమె పుస్తకంలో తేదీ వేసి రాసింది: "ఆయిల్ నడుమ ఉంది."

గుర్తుంచుకోండి

1. ఆయిల్ తగ్గవచ్చు. పొయ్యకుండా పెరగదు.
2. పెట్రోలు వాసన, పలచదనం ఉంటే పెట్రోలు కలిసినట్టే.
3. పాలు పోసిన చాయలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు.
4. అగ్గిపుల్ల గీసి చూడకూడదు.

చెప్పండి

1. ఆయిల్ పెరిగిందని ఆమెకు ఎలా తెలిసింది?
2. మీ ఇంట్లో ఏ లెక్క రాసి పెడితే మేలు?