ఒడి ముందు సంచి

దుకాణానికి బయల్దేరే ముందు ఇంట్లో చాప పరిచి, నీళ్ల మీదకు పట్టుకెళ్లే సామానంతా దాని మీద పెట్టండి. న్యూజీలాండ్‌లోని పాపటోయిటోయిలో మా ఇంటి హాల్లో నేను అలాగే పరిచాను. నీళ్ల సీసా, పల్లీ చిక్కీ పొట్లం, ఎండకు రాసుకునే క్రీము, టోపీ, పల్చటి విండ్‌చీటర్, ఫోను, చేతి రేడియో, ఈల, కారు తాళం, పొడి చొక్కా. కాయక్ పడవ పైభాగం, అంటే డెక్ మీద కట్టుకునే సంచిని ఎంచుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు వాటిని మూడు కుప్పలు చేయండి. మొదటిది ప్రాణం మీదకొస్తే కావలసినవి: ఫోను, రేడియో, ఈల. ఇవి ఏ సంచిలోకీ వెళ్లకూడదు, లైఫ్ జాకెట్ జేబులో, ఒంటి మీదే ఉండాలి. పడవ బోల్తా పడి గాలికి కొట్టుకుపోతే దాంతోపాటు సంచీ పోతుంది, మనిషి మాత్రం నీళ్లలో మిగులుతాడు. నీటిలో పనిచేసే రెండు సాధనాలు సాయం కోరడానికి వెంట ఉండాలని పడవల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ మారిటైమ్ న్యూజీలాండ్ చెప్పేది ఇందుకే. తడవని కవర్లో పెట్టిన ఫోను నుంచి స్టార్ 500 నొక్కితే కోస్ట్‌గార్డ్ పలుకుతుంది. వీహెచ్ఎఫ్ రేడియోలో అయితే 16వ ఛానెల్. రెండో కుప్ప తడిస్తే పాడయ్యేవి, ఒడ్డుకు చేరేదాకా అక్కర్లేనివి: కారు తాళం, పొడి బట్టలు. మూతి మూడు మడతలు చుట్టి బిగించే డ్రై బ్యాగులో పెట్టి, దాన్ని పడవ లోపలి అరలో దూర్చాలి. కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాపితే అందాల్సినవీ, కాస్త తడిసినా కొంప మునగనివీ మూడో కుప్ప. డెక్ సంచి ఈ కుప్ప కోసమే.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. నా మొదటి సంచి మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే, తడవదని అర్థం చేసుకున్నాను. నిజానికి ఆ మాటకు అర్థం చినుకుల్ని, తుంపరల్ని కాసేపు ఆపుతుందనే. నీళ్లలో మునిగినా లోపలికి చుక్క రానివ్వని ‘వాటర్‌ప్రూఫ్’ వేరే సరుకు. నాలుగు అలలు డెక్ మీద విరిగేసరికి సంచి అడుగున దోసెడు ఉప్పునీళ్లు చేరాయి. అందులో ఉన్న కారు తాళం ఎలక్ట్రానిక్‌ది కావడంతో ఆ సాయంత్రమే చచ్చిపోయింది. కాబట్టి డెక్ సంచి తడుస్తుందని ముందే ఒప్పుకుని, ఎంత తడిస్తే ఫరవాలేదో తేల్చుకుని కొనండి.

ఏ నీళ్లలో వాడతారన్నదీ లెక్కలోకి వస్తుంది. మా ఊరి పేరులోని ‘టోయిటోయి’ అంటే మన రెల్లులాంటి తెల్ల వెన్నుల గడ్డి, ‘పాపా’ అంటే నేల. ఆ గడ్డి పెరిగిన చదును నేల మా ఊరు. తూర్పున తామాకి నది పాయ, పడమర మానుకావు హార్బర్ కయ్యలు. మా ఊరికి ఉత్తరాన ఓటాహుహు దగ్గర ఈ రెండు నీళ్ల మధ్య నేల కిలోమీటరుకు కాస్త ఎక్కువంతే. పూర్వం ఇక్కడి మూలవాసులైన మావోరీలు తమ ‘వాకా’ పడవల్ని అక్కడ ఈ వైపు నుంచి ఆ వైపుకు నేల మీద ఈడ్చుకెళ్లేవారు. ఆ దారికి తె తో వాకా అని పేరు. రెండు వైపులా పోటు ఒకే వేళకు రాదు, సుమారు మూడు గంటల తేడా ఉంటుంది. పాటు తీసిందంటే మడ చెట్ల మొదళ్ల దాకా బురద తేలుతుంది, కోరింగ మడ అడవుల్లోలాగే. ఆ బురదలో మోకాళ్ల లోతున దిగి పడవను నెట్టిన చేతులతోనే సంచి తెరవాలి. అందుకే ఇక్కడివాళ్లకు గుడ్డ ఎంత ముఖ్యమో జిప్పు అంతకన్నా ముఖ్యం.

జిప్పుల్లో రెండు రకాలు. పైన రబ్బరులాంటి పల్చటి పూత ఉన్న మామూలు చుట్టల జిప్పు వానను ఆపుతుంది, సులువుగా జరుగుతుంది. డ్రైసూట్లకు వాడే మందపాటి జిప్పు గాలిని కూడా బిగబడుతుంది కానీ గట్టిగా ఉంటుంది, ఖరీదెక్కువ, అప్పుడప్పుడు గ్రీజు రాయాలి. బురద రేణువు పళ్ల మధ్య ఇరుక్కుంటే ఒంటిచేత్తో అది కదలదు. మూడో కుప్పకు మొదటి రకం చాలు అన్నది నా అభిప్రాయం. దుకాణంలో మాత్రం జిప్పు పూర్తిగా మూసి, స్లైడర్ ఆగిన చివర వెలుతురుకు పట్టి చూడండి. చాలా సంచుల్లో అక్కడ నువ్వుగింజంత సందు మిగులుతుంది. నా మొదటి సంచిలోకి నీళ్లు దూరింది అక్కడినుంచే. ఆ చివరను కప్పుతూ చిన్న గూడులాంటి మడత కుట్టి ఉంటే మంచిది.

తర్వాత సంచిని లోపలికి తిరగేసి కుట్లు చూడండి. సూది పడిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉన్నట్టే. కుట్టు మీద టేపు అతికి ఉండాలి, దాని అంచును గోటితో గీరితే లేవకూడదు. కుట్టకుండా వేడితో అతికిన అంచులు ఇంకా నయం. గుడ్డ విషయానికొస్తే, పీవీసీ పూత చవక, కానీ ఇక్కడి కరకు ఎండకు కొన్నాళ్లకు బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. టీపీయూ పూత వేసిన నైలాన్ మెత్తగా నిలుస్తుంది. రంగు నారింజో పసుపో తీసుకోండి, దూరం నుంచి కనిపించడానికి.

ఆకారం దగ్గర తొందరపడకండి. లోపల సన్నటి ప్లాస్టిక్ రేకో స్పంజో ఉండి పైభాగం వంపుగా నిలబడితే నీళ్లు జారిపోతాయి, జోలెలా కుంగే సంచి మీద చెరువు కడతాయి. ఎత్తు జానెడు దాటకూడదు. దుకాణంలో పడవ ఉంటే అందులో కూర్చుని సంచిని ముందు పెట్టి తెడ్డు వేసి చూడండి, వేళ్లు తగలకూడదు. బరువు డెక్ మీదకు ఎక్కినకొద్దీ పడవ ఊగుతుంది. రెండు కిలోలు దాటనివ్వకపోవడం నా కట్టడి. లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో కాబట్టి దాన్ని సీటు వెనక్కి పంపాను.

కట్టడం. నాలుగు మూలల కొక్కేలను డెక్ తాళ్లకు తగిలించి పట్టీలు బిగించండి, మిగిలిన కొసల్ని లోపలికి దోపేయండి. వేలాడే ప్రతి ఉచ్చూ నీళ్లలో చేతిని పట్టేస్తుంది. కొక్కేలు ప్లాస్టిక్‌వి మేలు, ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది. అన్నిటికంటే పెద్ద నియమం: నడుముకు కట్టుకుని, కూర్చునే గుంతలోకి నీళ్లు రాకుండా కప్పే స్ప్రేస్కర్ట్ ముందు లాగుడు పట్టీ సంచి కింద నలగకూడదు. బోల్తా పడినప్పుడు తలకిందులుగా ఉండి వెతుక్కునేది ఆ పట్టీనే. తోటివాళ్ల పడవలోకి నీళ్లు చేరితే దాన్ని మన డెక్ మీదకు అడ్డంగా లాగి ఒంపాలి, అప్పుడు సంచి అడ్డం కాబట్టి ఒక్క లాగుకు ఊడి రావాలి. డెక్ మీద దిక్సూచి ఉంటే ఇనప చాకును ఈ సంచిలో పెట్టకండి, ముల్లు తప్పు చూపిస్తుంది. కాళ్లు బయటే ఉండే సిట్-ఆన్-టాప్ పడవకైతే ఈ గొడవల్లో సగం ఉండవు. సంచి వెనక తొట్టిలో కూర్చుంటుంది, కానీ చేతికి అందదు.

పరీక్ష ఇంట్లోనే. పాత పేపరు ఉండలు చేసి సంచి నిండా కుక్కి జిప్పు మూయండి. మొదట స్నానాల తొట్టిలో పెట్టి చెంబుతో పైనుంచి పోయండి, ఇది తుంపర. తర్వాత గొట్టంతో జిప్పు మీద ధార కొట్టండి, ఇది అల. చివరికి బోర్లించి అరనిమిషం నీళ్లలో అదిమి పట్టండి. ప్రతిసారీ తెరిచి పేపరు ఎక్కడ తడిసిందో చూడండి. తడి మచ్చే చిల్లు ఎక్కడుందో చెబుతుంది. ముద్ర చూసి సరిపెట్టుకోకండి: నీళ్లకు తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్ 7 ముద్ర ఉన్న వస్తువుకు పెట్టే పరీక్ష మీటరు లోతున అరగంట, అదీ కదలని నీళ్లలో. అల కొట్టే దెబ్బ అందులో లేదు. నా రెండో సంచి చెంబుకు ఆగింది, గొట్టానికి ఒక మూల చెమ్మగిల్లింది, బోర్లిస్తే తడిసింది. చిక్కీకి, టోపీకి అది చాలనుకుని ఉంచుకున్నాను.

ఆ తర్వాత పోటు నిండిన వేళ, గాలి లేని రోజు, ఒడ్డు పక్కనే నడుములోతు నీళ్లలో తోడు మనిషిని పెట్టుకుని, తెడ్డును మోచేతి కింద ఇరికించి ఒంటిచేత్తో జిప్పు తీసి మూయడం సాధన చేయండి. కావాలనే ఒకసారి పడవ బోల్తా కొట్టి, లాగుడు పట్టీ అందుతోందో లేదో చూసుకోండి.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, జిప్పు తెరిచి, నీడలో తలకిందులుగా వేలాడదీయండి. తెల్లారి జిప్పు పళ్ల మధ్య ఉప్పు తెల్లగా కనిపిస్తే ఇంకోసారి కడగండి.