యాప్‌కి ఎక్కని పని

ఆర్డర్ బుక్కు, కార్బన్ కాగితం సేల్స్‌మెన్ చేతుల్లోంచి దాదాపు పోయాయి. సబ్బులైనా, బిస్కట్లైనా, టీ పొడైనా పెద్ద కంపెనీలు ఇప్పుడు బీట్, అంటే షాపుల రూటు మొత్తాన్ని ఫోన్‌లోని సేల్స్ యాప్‌తోనే నడుపుతున్నాయి. పొద్దుటి హాజరు, ఏ షాపు ఎన్నింటికి ఎక్కారు, ఎన్ని లైన్లు రాశారు, ర్యాక్ ఫొటో, స్కీము, వసూలు, పెట్రోలు ఖర్చు అన్నీ అందులోకే వెళ్తాయి. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరేవాళ్లూ, పాతికేళ్లుగా నోటి లెక్కతో బీట్ నడిపి ఇప్పుడు ఫోను పట్టుకున్నవాళ్లూ కొన్ని సంగతులు ముందే తెలుసుకుంటే మంచిది.

ఫోన్‌తో లాభం లేకపోలేదు. ఇదివరకు సాయంత్రం స్టాకిస్టు దగ్గర ఆర్డర్లు అప్పజెబితే, బిల్లింగ్ చేసే అబ్బాయి కంప్యూటర్‌లో కొడుతున్నప్పుడు తేలేది ఫలానా సరుకు గోడౌన్‌లో లేదని. ఇప్పుడు షాపులో నిలబడే స్టాకు చూడొచ్చు, ఆ షాపు పోయిన నెల ఏం కొన్నదో చూడొచ్చు. అయితే హెడ్డాఫీసు చూసేది వేరు. టీసీ, పీసీ, అంటే ఎన్ని షాపులు ఎక్కారు, వాటిలో ఎన్ని ఆర్డరిచ్చాయి. చాలాచోట్ల ఇన్సెంటివ్ కూడా ఆ అంకెల వెంటే నడుస్తుంది. ఆర్డర్ ఎలా కొట్టాలో ఎవరైనా చూపిస్తారు. ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో మాత్రం మీరే అడిగి తెలుసుకోవాలి.

ఆర్డర్ రాని షాపు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. కొట్టాయన కౌంటరు కింద నుంచి డ్యామేజీ సరుకు పెట్టె లాగి పైన పెడతాడు. "ముందు దీని సంగతి చూడు తమ్ముడూ, పోయినసారి క్లెయిమే రాలేదు" అంటాడు. యాప్ కారణం అడుగుతుంది. షాపు మూసి ఉంది, ఓనర్ లేరు, స్టాక్ ఉంది, డబ్బు లేదు: ఇవే అందులో ఉంటాయి. డ్యామేజీ మాటే ఉండదు. ముందింకా బోలెడు షాపులున్నాయి కదా అని మొదటిదాని మీద వేలు పెట్టి బండెక్కేస్తారు. నెల తిరిగేసరికి మీ బీట్‌లో షాపులు తెగ మూసి ఉంటున్నాయని రిపోర్టు తయారవుతుంది. ఏరియా మేనేజరు ఆ షాపుల్ని బీట్‌లోంచి తీసేయమంటాడు, లేదా మీరే వేళకు వెళ్లడం లేదంటాడు. డ్యామేజీ పెట్టె మాత్రం కౌంటరు కిందే ఉంటుంది.

అందుకని రిమార్క్స్ గడి ఉంటే రెండు ముక్కలు రాయండి. లేకపోతే షాపు పేరు, అసలు కారణం ఆ సాయంత్రమే సూపర్‌వైజరుకు మెసేజి పెట్టండి. గ్రూపులో పెడితే గుడ్ మార్నింగుల మధ్య కొట్టుకుపోతుంది, విడిగా పెట్టండి. యాప్ ఇంకా పైలట్ దశలో ఉంటే మరీ నయం. "ఈ కారణం కూడా పెట్టండి సార్" అని అప్పుడడిగితే పెట్టడం తేలిక. రాష్ట్రమంతా దిగాక అదే మాట చెబితే వినే నాథుడుండడు.

లొకేషన్ పేచీ ఇంకొకటి. విజయవాడ వన్‌టౌన్, హైదరాబాద్ బేగంబజార్ లాంటి ఇరుకు సందుల్లో జీపీఎస్ తడబడుతుంది. షాపులోనే ఉన్నా మీరు దూరంగా ఉన్నారంటుంది. కాస్త ఆకాశం కనిపించే చోటికి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. రోజూ అదే షాపుతో తంటా అయితే స్క్రీన్‌షాట్ పంపి, ఆ షాపు లొకేషన్‌ను మళ్లీ ట్యాగ్ చేయించమనండి. మొదట ట్యాగ్ చేసిన మహానుభావుడు టీకొట్టు దగ్గర కూర్చునే బజారంతా పూర్తి చేసి ఉండొచ్చు. విసిగిపోయి ఫేక్ లొకేషన్ యాపుల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిని పసిగట్టే ఏర్పాటు చాలా సేల్స్ యాపుల్లో ఉంది, దొరికితే మీ నిజమైన రోజుల్ని కూడా ఎవరూ నమ్మరు.

పాడేరు, ఉట్నూరు వైపు లోపలి ఊళ్లు తిరిగేవాళ్లు సిగ్నల్ ఉన్నచోటే పొద్దున బీట్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. యాప్ మొరాయించిందని దాన్ని తీసేసి మళ్లీ వేసుకున్నా, క్లియర్ డేటా కొట్టినా, సింక్ కాని ఆర్డర్లు పోయినట్టే.

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. యూపీఐ 2016లో వచ్చింది, ఇప్పుడు చిన్న కొట్టువాళ్లు కూడా పాతబాకీ ఫోన్‌లోనే కొడతామంటున్నారు. స్టాకిస్టు క్యూఆర్‌కే కొట్టించండి. మీ సొంత నంబరుకు వేయించుకుని తర్వాత జమ చేస్తానంటే, ఒక్కరోజు ఆలస్యమైనా అనుమానం మీ మీదికే వస్తుంది. స్క్రీన్‌షాట్ చూసి రసీదు ఇవ్వకండి. డబ్బు ఖాతాలో పడిందని స్టాకిస్టు ఫోన్‌లో ఖాయం చేశాక, పన్నెండంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు బిల్లు మీద రాసుకోండి.

యాప్ మీ సొంత ఫోన్‌లో వేయమంటే డేటా ఖర్చు ఎవరిదో అడగడంలో తప్పు లేదు. లొకేషన్‌కు "వాడుతున్నప్పుడు మాత్రమే" సరిపోతుందేమో చూడండి. కాంటాక్టులు, గ్యాలరీ ఎందుకని అడగండి. ఫోన్ మొత్తం కంపెనీ అదుపులోకి వెళ్లే పద్ధతి అయితే, దూరం నుంచి అన్నీ చెరిపేసే వీలు వాళ్లకుంటుంది, మీ పిల్లల ఫొటోలతో సహా. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అడగండి. ఆఫీసు యాపుల మీద చిన్న బ్రీఫ్‌కేసు గుర్తుంటుంది, చెరిపినా ఆ భాగమే పోతుంది. వాట్సాప్ బిజినెస్‌ను రెండో సిమ్ మీద పెట్టుకుంటే రాత్రిపూట షాపుల ఫోన్లు ఇంట్లోకి రావు.

హిందుస్తాన్ యూనిలీవర్ 'శిఖర్' లాంటి యాపుల్లో కొట్టువాళ్లే నేరుగా ఆర్డర్ పెట్టుకునే రోజులివి. ఇక మనమెందుకని బెంగ పడేవాళ్లున్నారు. రాసుకొచ్చే పని తగ్గే మాట నిజం. కొత్త సరుకు మొదటి పెట్టె పెట్టించడం, డ్యామేజీ తేల్చడం, బాకీ రాబట్టడం యాప్ చేయదు. నా మటుకు నేను, రాసే పనిలో మిగిలిన టైమంతా వీటికే పెట్టమంటాను. ఏ షాపులో ఎన్నాళ్ల బాకీ రాబట్టారో, ఏ క్లెయిము తేల్చారో సొంత నోటుబుక్‌లో తేదీ వేసి రాసుకోండి. ఇంక్రిమెంటు మాట్లాడేటప్పుడు యాప్ చూపించని ఈ అంకెలు మీరే చూపించాలి.

ఉద్యోగం మానేటప్పుడు తొందరపడకండి. కంపెనీ ఐడీ మూసేస్తే పెండింగులో ఉన్న టీఏ, డీఏ బిల్లులు తెరిచి చూసుకునే దారి ఉండదు. రాజీనామా పెట్టేముందే మీ ఖర్చుల వివరాలు కాపీ తీసుకుని, షాపులవారీ బాకీల జాబితా మీద స్టాకిస్టు సంతకం చేయించుకోండి.