తోలు కంటే ముందు కుట్టు చూడు

కరీంనగర్

అల్లుడూ,

మంచిర్యాలలో ఇల్లు పూర్తయిందని, హాల్లో టేకు అలమారీ పెట్టించావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అలమారీ బాగుంది. దాన్ని నింపడానికి ఎవరో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న వంద తోలు బైండు ఇంగ్లీషు పుస్తకాలు ఒకేసారి కొననా అని అడిగావు. కొనకు. ఎందుకు వద్దంటున్నానో, కొంటే ఎట్లా చూసి కొనాలో, కొన్నాక ఎట్లా పెట్టుకోవాలో వివరంగా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడదు, సగం గుర్తుండదు.

పుస్తకం చేతికి రాగానే ఎవరి కన్నయినా అట్ట మీది బంగారు అక్షరాల మీదికే పోతుంది. నువ్వు మాత్రం పుస్తకాన్ని నిలబెట్టి వీపు పైకొసన చూడు. కాగితాలు మడతలు మడతలుగా, చిన్న చిన్న కట్టలుగా కనబడితే అది ఫారాలు కుట్టిన పుస్తకం. ఏదైనా ఒక కట్టకు సరిగ్గా నడుమ తెరిస్తే దారం కనబడాలి. పాత బైండర్లు దీన్నే జుజ్‌బందీ అంటారు. కట్టలే లేకుండా విడి కాగితాలన్నీ వరసగా అతికి ఉంటే అది గమ్ బైండింగ్. దాని మీద ఎంత ఖరీదైన తోలు తొడిగినా మన ఎండలకు గమ్ ఎండిపోయి, పుస్తకం నడిమికి విరిగి, పేజీలు ఊడి చేతికొస్తాయి. వీపు మీద అడ్డంగా లేచి ఉండే గట్లను చూసి కూడా మోసపోకు. ఒకప్పుడు ఫారాలను తాళ్ల మీద కుట్టేవారు కాబట్టి ఆ గట్లు వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు చాలావాటికి అట్టముక్కలు అంటించి పైన తోలు లాగుతున్నారు.

కుట్టు తర్వాత కాగితం చూడు. అంచులు గోధుమరంగుకు తిరిగి, వేలితో తాకితే పెళుసుగా ఉంటే ఆ పుస్తకం ఎక్కువకాలం ఉండదు. ఆ తర్వాత బొమ్మలు. మూలచిత్రాన్ని చూసి శ్రద్ధగా అచ్చువేశారా, ఎక్కడిదో పాత పుస్తకం నుంచి ఫొటో తీసి మసకగా దింపారా అన్నది నాలుగు పేజీలు తిప్పితే తెలిసిపోతుంది. తోలు సంగతి అన్నిటికంటే చివర.

నువ్వు చెప్పిన సెట్లు ఎక్కువగా అమెరికావి. ఫ్రాంక్లిన్ లైబ్రరీ అనే సంస్థ 1973 నుంచి 2000 దాకా ఇట్లాంటివి వేసింది. ఈస్టన్ ప్రెస్ ఇప్పటికీ వేస్తోంది. అంచులకు బంగారు పూత, అట్ట లోపల పట్టుబట్ట, గుర్తుకు రిబ్బను. వాటిలో నిజంగా మంచివి ఉన్నాయి, నేను కాదనను. కానీ ఫ్రాంక్లిన్ పేరు మీదే పూర్తి తోలువి, వీపుకు మాత్రమే తోలు వేసినవి, తోలులా కనబడే రెక్సిన్‌వి మూడు రకాలూ వచ్చాయి. అమ్మేవాడు మూడింటినీ కలిపి ‘లెదర్ బౌండ్’ అనే రాస్తాడు. ‘బాండెడ్ లెదర్’ అని రాసి ఉంటే తోలు ముక్కలను పొడిచేసి జిగురుతో కలిపి పరిచిన రేకు అని అర్థం. కొన్నాళ్లకు అది పొరలు పొరలుగా లేచిపోతుంది. అసలు తోలు మీద రంధ్రాలు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండవు. గీతలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే తీరుగా ఉంటే అనుమానించు. అయినా వంద పుస్తకాలు ఒకేసారి వస్తే నువ్వు ఏదీ చదవవు. ఒక్కటి కొను. అది పూర్తిగా తిరగేశాక రెండోది కొను.

ఇక తోలు. ఇందులో మన నేలకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు, మన రాష్ట్ర పుష్పం, దాని బెరడుతోనే దక్షిణాదిలో తరతరాలుగా తోళ్లు ఊనేవారు. ఆ తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు పోయి, అక్కడ చవక బైండింగులకు పనికొచ్చేవి. లైబ్రరీల్లో తోలు పుస్తకాలు ఎందుకు పొడిపొడి అవుతున్నాయో తేల్చడానికి లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఒక కమిటీ వేసింది. 1905లో పుస్తకంగా వచ్చిన దాని నివేదిక మన వైపు నుంచి పోయిన ఈ తోళ్లను బైండింగుకు చాలా చెడ్డవని తేల్చింది. వాటితో కట్టిన పుస్తకాలు పదేళ్లు నిండకముందే పాడవడం కమిటీ చూసింది. తంగేడు బెరడులో ఉండే రకం టానిన్ గాలిలోని ఆమ్లాలకు ఎర్రబారి, తోలును పొడి చేస్తుంది. సుమాక్ ఆకులో, మన ఆదిలాబాద్ అడవుల్లో దొరికే కరక్కాయలో ఉండేది వేరే రకం. దానికి ఓపిక ఎక్కువ. కమిటీ అన్నిటికంటే సుమాక్‌కే పెద్దపీట వేసింది. తోలుకు రంగు వేసేటప్పుడు గంధకామ్లం వాడటాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇదంతా నీకెందుకంటే, పాత లా రిపోర్టులనో గెజిట్లనో ముట్టుకున్నప్పుడు చేతికి ఎర్రటి పొడి అంటుతుంది చూడు, అది ఈ జబ్బే. ఒకసారి వస్తే తోలు మళ్లీ మొదటి స్థితికి రాదు. అట్లాంటి పుస్తకం చవకగా దొరికిందని తెచ్చి కొత్తవాటి పక్కన పెట్టకు. లోపలి సరుకు మంచిదైతే కొను, కొలతకు సరిపోయే అట్టపెట్టె చేయించి అందులో ఉంచు. కొబ్బరినూనె, బూటుపాలిష్ దగ్గరికి కూడా రానీయకు. ఒకప్పుడు మ్యూజియాల వాళ్లే లానోలిన్, తేనెమైనం కలిపి తోళ్లకు పూసేవారు. ఇప్పుడు వాళ్లే ఆ అలవాటు మానుకుంటున్నారు. నూనె పట్టిన తోలు దుమ్మును లాగుతుంది, నల్లబడుతుంది, మరక కాగితం దాకా దిగుతుంది. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు.

ఇక ఏవి సేకరించాలి? నన్నడిగితే మన జిల్లాల నుంచే మొదలుపెట్టు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక, గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి రాసిన ‘ది రాజ్‌గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ను 1948లో లండన్ మాక్‌మిలన్ వాళ్లు అచ్చువేశారు. ప్రధాన్లు పాడే గోండుల పురాణకథలు, పండుగలు, కొలుపులు అందులో ఫొటోలతో సహా ఉన్నాయి. అచ్చయినప్పుడు దానికి బట్ట అట్టే. అయితే ఏం? ఆదిలాబాద్ పక్కన ఉండేవాడి అలమారీలో అది లేకుంటే తోలు పుస్తకాలు ఎన్ని ఉన్నా వెలితే. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల సంగతి కూడా తెలుసుకో. బంగారం లేదు, తోలు మెరుపు లేదు. కానీ ఆ ప్రతుల వల్లే గుంజాల గోండి లిపి వెలుగులోకి వచ్చింది, 2018లో యూనికోడ్‌లో చోటు సంపాదించింది.

నిజమైన డీలక్స్ బొమ్మల పుస్తకమే కావాలంటే మన రాజ్యాంగాన్ని మించింది ఏముంది? ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా ఇంగ్లీషు ప్రతిని చేత్తో రాశాడు. నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ శిష్యులు పేజీలకు బొమ్మలు, అంచులు వేశారు. మొదటి భాగం తలమీద మొహంజోదారో ఎద్దు ముద్ర, ప్రాథమిక హక్కుల భాగం తలమీద సీతారామలక్ష్మణులు. అసలు ప్రతి పార్లమెంటు లైబ్రరీలో నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలో ఉంది. దాన్ని డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఫొటోలిథో పద్ధతిలో వెయ్యి ప్రతులు అచ్చువేశారు. ఆ వెయ్యిలో ఒకటి దొరకడం కష్టమే గాని, తర్వాత వచ్చిన పునర్ముద్రణలు దొరుకుతాయి. కొనేముందు రంగులు, కుట్టు చూడు.

మీ తాతయ్య దాచిన చందమామలు మీ అమ్మ దగ్గర ట్రంకుపెట్టెలో ఉన్నాయి. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా, శంకర్ బొమ్మలు ఇంకెక్కడ దొరుకుతాయి? వాటిని ఆరునెలలకొక సంపుటిగా బైండు చేయించు. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో వేసిన పిల్లల బొమ్మల పుస్తకాలు ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో దొరికేవి. ఇప్పుడు ఆదివారం పూట హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుక్కో. బాపు బొమ్మలున్నవి ఏవి దొరికినా వదలకు.

బైండరు దగ్గరికి పోయినప్పుడు పని అప్పజెప్పి ఇంటికి రాకు. జర కూర్చుని మాట్లాడు. చందమామలకు ఉన్న ఇనుప పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తింటాయి, అవి మెల్లగా తీయించి మడతలోనే దారంతో కుట్టమను. చాలామంది ముఖచిత్రాలు చింపేసి లోపలి పేజీలే కుడతారు. అట్లా వద్దని, అట్టలు యథాస్థానంలో ఉండాలని చెప్పు. అన్నిటికంటే ముఖ్యం కటింగ్. అంచులు సమంగా రావాలని మిషన్‌లో పెట్టి కోస్తే బొమ్మ అంచులు, కొన్నిచోట్ల అక్షరాలు కూడా పోతాయి. ‘కటింగ్ వద్దు’ అని చీటీ రాసి పుస్తకానికే కట్టు. మైదా లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం మన వాళ్లకు అలవాటు. రాగి కలిస్తే కాలం గడిచేకొద్దీ కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది, అది కలపకుండా తాజాగా లై కాయమను. పూర్తి తోలు అక్కర్లేదు. వీపుకు, మూలలకు మేకతోలు, మిగతా అట్టకు మన చేనేత ముతక బట్ట వేయించు. బట్ట వెనక పల్చటి కాగితం అతికితే లై పైకి ఉబికి రాదు. గొర్రెతోలు మెత్తగా ఉంటుంది గాని పొరలు విడిపోతుంది, వద్దను.

ఇల్లు సంగతి. మన దగ్గర మేలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలం రాత్రి ఐదు డిగ్రీలకు దిగుతుంది. నడుమ నెలల తరబడి వాన. తోలుకు ఈ ఎగుడుదిగుడే పెద్ద శత్రువు. నీ అలమారీ పడమటి గోడకు ఆనించి ఉంది, ఆ గోడ సాయంత్రం దాకా కాగుతుంది. లోపలి గోడకు మార్చు, గోడకూ అలమారీకీ నడుమ రెండు వేళ్ల సందు వదులు. టేకుకు చెదలు పట్టకపోవచ్చు గాని వెనక కొట్టించిన ప్లైవుడ్‌కు పడుతుంది. 2022 జూలైలో మంచిర్యాలలోకి నీళ్లు వచ్చిన సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కింది అరలో పుస్తకం పెట్టకు. ఆర్ట్ పేపర్ బొమ్మల పుస్తకం తడిసి ఎండితే పేజీలన్నీ ఒకే పలకగా అతుక్కుపోతాయి, దాన్ని ఎవరూ బాగుచేయలేరు. గాజుతలుపులు మంచివే, వాన లేని రోజున కాసేపు తెరిచిపెట్టు. వేపాకు వేస్తే ఎండబెట్టి గుడ్డలో కట్టి వెయ్యి, పచ్చిది తేమను తెస్తుంది.

ఇక చూపడం. పుస్తకాలను బిగించి పేర్చకు. తీసేటప్పుడు వీపు పైకొసకు వేలుపెట్టి లాగితే మొదట చిరిగేది అక్కడే. పక్క పుస్తకాలను కొంచెం లోపలికి తోసి, నడిమికి పట్టుకుని తీయాలి. పెద్ద సైజువి నిలబెట్టకు, పడుకోబెట్టు. ఒక్క పుస్తకాన్ని మాత్రం వ్యాసపీఠం మీద తెరిచి ఉంచు. ముస్లిం ఇళ్లలో రెహల్ అంటారే, అదే. అది పుస్తకాన్ని పూర్తిగా బల్లపరుపుగా తెరవనీయదు, వీపు మీద బరువు పడదు. కిటికీ ఎండ తగలని చోట పెట్టు, కొన్నాళ్లకొకసారి పేజీ తిప్పు, లేకుంటే తెరిచిన ఒక్క పేజీ రంగే వెలిసిపోతుంది. హైదరాబాద్ పోయినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో రాతప్రతులను ఎట్లా తెరిచి పెట్టారో నిదానంగా చూడు. మన బైండింగుల్లో లేని ఒక సొగసు పాత ఇస్లామీ బైండింగుల్లో ఉంటుంది. వెనక అట్ట నుంచి నాలుకలాంటి మడత వచ్చి ముందు అట్ట కిందికి దూరుతుంది.

చివరగా ఒక్కమాట. అలమారీకి తాళం వేసి తాళంచెవి దాచకు. పిల్లలకు చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని పుస్తకం తీయడం నేర్పు. గ్లవుజులు అక్కర్లేదు, వాటితో పేజీ పట్టు చిక్కక చిరుగుతుంది. వచ్చిన చుట్టానికి అట్టలు చూపి సరిపెట్టకు, ఒక పుస్తకం తెరిచి ఒక బొమ్మ గురించి చెప్పు. చెప్పలేకపోతున్నావంటే ఆ పుస్తకం నువ్వింకా చదవలేదని లెక్క. కొత్తది కొనడం ఆపి ముందు దాన్ని చదువు.

అమ్మకు, కోడలికి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మామ

తా.క.: చందమామల్లో ఏయే నెలలవి లేవో రాసి పంపు. నా దగ్గర రెండేసి ఉన్నవి నీకిస్తాను. బైండింగుకు ఇచ్చే ముందు మాత్రం అన్నీ నెలల వరసన పేర్చి, పేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో నువ్వే ఒకసారి లెక్కచూసుకో.