ఉపవాసం ఎంతవరకు? ఇఫ్తార్ తరువాత ఎలా?

ఉపవాసం (రోజా) ఇస్లాం మూలస్తంభాలలో ఒకటి. దాని ఉద్దేశ్యం మనలో భయభక్తులు (తఖ్వా) పెంపొందడం. ఈ సంగతి దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరా 183వ ఆయతు ద్వారా మనకు తెలుస్తోంది. బరువు తగ్గడం, కొవ్వు కరగడం, షుగరు అదుపులోకి రావడం ఉపవాస లక్ష్యాలు కావు. అల్లాహ్ తలిస్తే అవి దానితోపాటు లభించే మేళ్ళు మాత్రమే. కర్మలు సంకల్పాల (నియ్యత్) పైనే ఆధారపడి ఉంటాయి కనుక, ఈ తేడాను ముందుగా మనసులో నిలుపుకోవాలి.

నేడు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో ఉపవాసం, ఆరోగ్యం గురించి మూడు రకాల పొరపాట్లు కనిపిస్తున్నాయి. కొందరు సెల్‌ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి రెండు మూడు రోజులపాటు అన్నం ముట్టకుండా ఉండడం గొప్ప వైద్యమని నమ్ముతున్నారు. ఇంకొందరు పగలంతా ఉపవాసముండి, మగ్రిబ్ నుండి అర్ధరాత్రి దాకా తింటూనే ఉంటున్నారు. మరికొందరు షుగరు జబ్బు ముదిరినా, డాక్టరు వద్దన్నా, రోజా వదిలితే నలుగురూ ఏమనుకుంటారోనని ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. ఈ మూడింటిలోనూ లోపించింది ఒక్కటే: హద్దు. ఉపవాసానికి షరీఅత్ ప్రారంభాన్ని ఎంత స్పష్టంగా నిర్ణయించిందో, ముగింపును కూడా అంతే స్పష్టంగా నిర్ణయించింది. ఈ పాఠంలో ఆ హద్దు గురించి తెలుసుకుందాం.

ఎక్కువ గంటలు ఉంటే ఎక్కువ పుణ్యమా?

రాత్రి కూడా ఏమీ తినకుండా ఒక రోజు ఉపవాసాన్ని మరుసటి రోజుతో కలిపేయడాన్ని ‘విసాల్’ అంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తన అనుచరులను దీని నుండి వారించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. ఎవరైనా పొడిగించదలిస్తే సహరీ వేళ వరకు మాత్రమే పొడిగించుకోవచ్చని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనంలో ఉంది. ఇఫ్తార్‌లో త్వరపడేంత కాలం ప్రజలు మేలులో ఉంటారన్న భావం గల హదీసు కూడా సుప్రసిద్ధమే. అంటే సూర్యుడు అస్తమించాక ఆకలితో ఉండడం సుగుణం కాదు. అల్లాహ్ తినమన్నప్పుడు తినడం కూడా విధేయతే.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఆరాధన పట్ల ఎంతో మక్కువ గలవారు. ఆయన ప్రతిరోజూ ఉపవాసం ఉంటున్నారని దైవప్రవక్త (స)కు తెలిసింది. శరీరానికీ హక్కు ఉంది, కళ్ళకూ హక్కు ఉంది, భార్యకూ హక్కు ఉందని ప్రవక్త ఆయనకు బోధించారు. నెలకు మూడు రోజులు చాలన్నారు. ఆయన ఇంకా శక్తి ఉందంటే, చివరకు దావూద్ (అలైహిస్సలాం) ఉపవాసాన్ని సూచించారు. అది ఒక రోజు ఉపవాసం, ఒక రోజు విరామం. దాన్ని మించింది లేదని చెప్పారు. వృద్ధాప్యంలో శరీరం సడలిన తరువాత, ఆనాడే ప్రవక్త ఇచ్చిన వెసులుబాటును స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) అనుకునేవారు. యౌవనంలో ఉన్న మన సోదరులు ఈ సంఘటనను మరీ మరీ ఆలోచించాలి.

శరీరంలో జరిగేదేమిటి?

మన ప్రాంతంలో రోజా కాలాన్నిబట్టి సుమారు పన్నెండున్నర గంటల నుండి పధ్నాలుగు గంటల పైచిలుకు ఉంటుంది. సహరీలో తిన్న ఆహారం తొలి కొన్ని గంటలు శక్తినిస్తుంది. తరువాత కాలేయం తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ను చక్కెరగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆ నిల్వ తరుగుతున్న కొద్దీ శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. అల్లాహ్ మనిషి శరీరంలో ఉంచిన ఈ ఏర్పాటు వల్లనే ఆరోగ్యవంతుడు పగలంతా ఆకలిని తట్టుకుని తన పని చేసుకోగలుగుతున్నాడు.

అయితే ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రంజాన్ ఉపవాసాలపై జరిగిన అధ్యయనాలను 2014లో, 2019లో పరిశోధకులు సమీక్షించారు. నెల రోజుల్లో తగ్గే బరువు సగటున కిలో పైచిలుకు మాత్రమేనని, అదికూడా కొద్ది వారాల్లోనే తిరిగి వస్తుందని తేలింది. 2022లో చైనాలో స్థూలకాయులైన 139 మందిపై ఏడాదిపాటు జరిపిన పరీక్షలో, తినే మొత్తం సమానంగా తగ్గించినప్పుడు, రోజులో కొన్ని గంటలే తినడం వల్ల అదనంగా చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. కాబట్టి ఎన్ని గంటలు పస్తున్నామన్నది సగం లెక్కే. మిగిలిన సగం, పళ్ళెం ముందు కూర్చున్నాక ఏమి తిన్నాం, ఎంత తిన్నాం అన్నది.

ఉపవాసంతో శరీరం తనను తానే తిని శుద్ధి చేసుకుంటుందని, దానికి నోబెల్ బహుమతి వచ్చిందని ఒక సందేశం ఏళ్ళ తరబడి తిరుగుతోంది. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమీకి నోబెల్ వచ్చిన మాట వాస్తవమే. కణాలు తమలోని పాత భాగాలను విడగొట్టి మళ్ళీ వాడుకునే విధానాన్ని ఆయన ఈస్ట్ కణాలలో కనుగొన్నారు. రోజాల మీద గానీ, మూడు రోజుల నిరాహారం మీద గానీ ఇచ్చిన బహుమతి కాదది. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయతు మనకు నేర్పుతోంది. అల్లాహ్ ధర్మం ఔన్నత్యాన్ని చాటడానికి తప్పుడు ఆధారాల అవసరం లేదు.

రోజుల తరబడి నిరాహారంగా ఉంటే?

నీళ్ళు మాత్రం తాగుతూ రెండు మూడు రోజులు, వారం రోజులు పస్తుండే పద్ధతి షరీఅత్ దృష్టిలో రోజా కాదు. అది వైద్యం కిందికి వస్తుంది. వైద్యమైతే వైద్యుని పర్యవేక్షణ ఉండాలి. 1965–66లో స్కాట్లాండ్‌కు చెందిన ఆంగస్ బార్బియెరి అనే అతిస్థూలకాయుడు 382 రోజులు ఘనాహారం లేకుండా గడిపాడని వైద్య చరిత్రలో ఉంది. వీడియోలలో అతని పేరు తరచూ వినిపిస్తుంది. కాని అతడు వైద్యుల పర్యవేక్షణలో ఉన్నాడని, విటమిన్లు, లవణాలు తీసుకున్నాడని, పదేపదే పరీక్షలు చేయించుకున్నాడని చెప్పేవారు తక్కువ.

దీర్ఘ నిరాహారంలో ఆకలికంటే పెద్ద అపాయం, మళ్ళీ తినడం మొదలుపెట్టినప్పుడు పొంచి ఉంటుంది. చాలా రోజులు పస్తున్న మనిషి ఒక్కసారిగా అన్నం, తీపి పదార్థాలు తింటే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. రక్తంలో వాటి కొరత ఏర్పడి గుండె లయ తప్పవచ్చు. ప్రాణమే పోవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక చెరల నుండి విడుదలైన ఆకలి బాధితులలో కొందరు ఆహారం అందిన తరువాతే మరణించారు. అలాంటి స్థితిలో ఉన్నవారికి డాక్టర్లు కొద్ది కొద్దిగా, రక్తపరీక్షలు చేస్తూ ఆహారం పెంచుతారు. పగటి రోజాలో ఈ ప్రమాదం లేదు. ప్రతి సాయంత్రం ఇఫ్తార్ ఉంది, ప్రతి రాత్రి సహరీ ఉంది. సహరీలో శుభముందని దైవప్రవక్త (స) ఎందుకు తాకీదు చేశారో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

ఇఫ్తార్ పళ్ళెం

దైవప్రవక్త (స) నమాజుకు ముందు కొన్ని తాజా ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకుంటే కొన్ని గుక్కల నీటితో ఇఫ్తార్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. కొద్దిగా నోట వేసుకోవడం, మగ్రిబ్ నమాజు, ఆపై భోజనం. ఈ క్రమంలో మధ్యన విరామం దానంతటదే వస్తుంది. ఆ వ్యవధిలో కడుపు తేరుకుంటుంది, ఆకలి తొందర తగ్గుతుంది.

మన ఇళ్ళలో జరిగేదేమిటి? గ్లాసుల కొద్దీ చక్కెర షర్బత్, సమోసాలు, బజ్జీలు, నమాజు తరువాత కుష్కా లేదా బిర్యానీ, తరావీహ్ అయ్యాక హలీం, పరోటా. పగలు మిగిలినదానికంటే రాత్రి చేరింది ఎక్కువ. తినండి, త్రాగండి, మితిమీరకండి అన్న అర్థంలో ఆరాఫ్ సూరా 31వ ఆయతు ఇచ్చిన ఆదేశం రంజాన్ రాత్రులకు కూడా వర్తిస్తుంది కదా! కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు ఉంచమన్న తిర్మిజీ హదీసును ఇఫ్తార్ వేళే గుర్తు చేసుకోవాలి.

మేలైన ఆహారం కోసం దూరం వెతకనక్కరలేదు. మసీదుల్లో పోసే రంజాన్ గంజిలో బియ్యంతోపాటు పెసరపప్పు, మెంతులు, అల్లం, వెల్లుల్లి పడతాయి. ఒక గిన్నె గంజి, ఉడికించిన శనగలు లేదా అలసందలు, ఒక పండు, చక్కెర లేని మజ్జిగ చక్కని ఇఫ్తార్. భోజనంలో ముందు కూర, పప్పు, మాంసం తిని, అన్నం లేదా రొట్టె చివర కొద్దిగా తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. సహరీకి మన రాయలసీమ రాగిసంగటి బాగుంటుంది. అయితే రాగి కదా అని పెద్ద ముద్ద తినకూడదు. రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. చిన్న ముద్ద, దానికి తోడు ఆకుకూర పప్పు, కోడిగుడ్డు లేదా పెరుగు ఉంటే ఆకలి ఆలస్యంగా వేస్తుంది. ఊరుబిండి ఉప్పగా ఉంటే పగలు దాహం పెరుగుతుంది. నీళ్ళు సహరీలో ఒకేసారి కాకుండా ఇఫ్తార్ నుండి సహరీ దాకా కొద్దికొద్దిగా తాగాలి.

షుగరు ఉన్నవారి విషయం

మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. మన వీధిలో, మన వరుసలో నిలబడి నమాజు చేసేవారిలోనే వీరున్నారు. 2001లో 13 దేశాలలో 12,243 మంది షుగరు రోగులపై జరిగిన అధ్యయనంలో, రెండవ రకం షుగరు ఉన్నవారిలో సుమారు 79 శాతం మంది రంజాన్‌లో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారని తేలింది. అదే నెలలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి పాలయ్యేవారు వారిలో ఏడు రెట్లకు పైగా పెరిగారు.

ఒక ఇంటిని ఊహించుకోండి. అబ్బాజాన్‌కు అరవై ఏళ్ళు. ఇన్సులిన్ తీసుకుంటారు. అసర్ వేళకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతోంది. ఇంకెంతసేపు, గంటే కదా అని ఇంటివారు ఓదారుస్తారు. ఆ గంటలోనే ఆయన స్పృహ తప్పవచ్చు. పరీక్షలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా వెంటనే విరమించాలని వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. తగ్గినప్పుడు మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇలా విరమించిన రోజాకు ఖజా ఉంటుందే తప్ప కఫ్ఫారా ఉండదు. వేలి నుండి చుక్క రక్తం తీస్తే రోజా భంగం కాదు. పోషణ నిమిత్తం కాని ఇంజెక్షన్‌తోనూ రోజా భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో తీర్మానించింది.

రోగికి, ప్రయాణికునికి వెసులుబాటును ప్రకటించింది స్వయంగా అల్లాహ్ (బఖరా 184, 185). కోలుకునే ఆశ ఉన్నవారు తరువాత ఖజా చేయాలి. ఆ ఆశ లేనివారు ఒక్కో రోజాకు ఒక పేదవానికి రెండు పూటల భోజనం (ఫిద్యా) ఇవ్వాలి. ఫిద్యా ఇచ్చే వృద్ధుణ్ణి తక్కువగా చూసే హక్కు మనకెక్కడిది? ఆయన కూడా అల్లాహ్ ఆజ్ఞనే పాటిస్తున్నాడు.

అందుచేత ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు వాడేవారు రజబ్ నెలలోనే డాక్టరును కలవాలి. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టి, అవసరమైతే తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రుల దాకా వెళ్ళవచ్చు. మందు మోతాదు, వేళలు మార్చాల్సింది డాక్టరే. ఎవరికి వారు మార్చుకోరాదు.

పండుగ తరువాత

ఈద్ నాడు ఉపవాసం నిషిద్ధం. ఆనాడు షీర్ ఖుర్మా ఆనందంగా తినండి, ఇరుగుపొరుగుకు పంచండి. మరునాటి నుండి వారమంతా పండుగే అయితే మాత్రం నెల రోజుల అలవాటు నీరుగారిపోతుంది. షవ్వాల్‌లో ఆరు రోజాలు, సోమ, గురువారాల రోజాలు, చాంద్రమాసంలో 13, 14, 15 తేదీల రోజాలు సున్నత్ మనకు చూపిన దారి. మూడు రోజులు వరుసగా కడుపు మాడ్చుకోవడంకంటే, ఏడాది పొడుగునా అప్పుడప్పుడు ఒక పగలు ఉపవాసముండి, ప్రతి పూటా మితంగా తినడం శరీరానికి శ్రేయస్కరం, ఆరాధనకు అనుకూలం.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసినవి

1. ఉపవాస లక్ష్యం తఖ్వా. ఆరోగ్యం అదనపు మేలు.
2. ఇఫ్తార్‌ను ఆలస్యం చేయకూడదు, సహరీని వదలకూడదు.
3. వైద్యుని పర్యవేక్షణ లేకుండా రోజుల తరబడి నిరాహారంగా ఉండరాదు.
4. ఇఫ్తార్‌లో ముందు కొద్దిగా, తరువాత నమాజు, ఆపై మితభోజనం.
5. రోగి వెసులుబాటును స్వీకరించడం బలహీనత కాదు.

ఈ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ అయిదు అంశాలు చదువుకోండి. ఇంట్లో షుగరు, బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్న పెద్దలెవరో, వారిని రంజాన్‌కు ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళే బాధ్యత ఎవరిదో ఇప్పుడే నిర్ణయించుకోండి.

అల్లాహ్ మన ఉపవాసాలను స్వీకరించుగాక! ఆయన అమానతుగా ఇచ్చిన ఈ శరీరాలను హద్దులెరిగి కాపాడుకునే భాగ్యం మనకు ప్రసాదించుగాక! ఆమీన్.